దొంగ దొరికిండు సార్

తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. నేనూ ఆ బాపతే. తెలుగు చెప్పుకుని బతికినదాన్ని కాబట్టి, నా మాటలో ఎవరైనా తప్పు పడితే ఏదో ఒక సూత్రం లాగి వాళ్ల నోరు మూయించేదాకా నాకు అన్నం సహించేది కాదు. తప్పు దొరికితే పండగ చేసుకునే మనిషిని మాత్రం నా సర్వీసు మొత్తం మీద ఒక్కడినే చూశాను. ఆయన మా బడిలో లెక్కల సారు, వెంకటరాజం.

మా బడి కొత్తవాడ అనే నేతగాళ్ల పేటను ఆనుకుని ఉంటుంది. చుట్టూ జంపఖానాలు నేసే ఇళ్లు. కిటికీ తెరిస్తే మగ్గాల చప్పుడు, మూస్తే ముసలి ఫ్యాను చప్పుడు. రాజం సారు ఆ గల్లీల్లోనే పుట్టి పెరిగాడు. సన్నటి మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క పెట్టుకుని తిరిగేవాడు. ఆ సుద్దముక్క ఎప్పుడూ నా డబ్బాలోదే. అడిగితే, "మీ తెలుగుకు సుద్ద ఎందుకు మేడం, నోరు చాలదా?" అనేవాడు. అందరి ఫ్లాస్కుల్లోని చాయ్ తాగేవాడు కానీ, తన ఫ్లాస్కు మూత మాత్రం ఎవరికీ తీసేవాడు కాదు. అంటే ఆయనేమీ దేవుడు కాదు. చచ్చి స్వర్గాన ఉన్నవాళ్లను పొగిడినట్టు పొగడడం నాకు చేతకాదు, పైగా ఆయన ఇంకా బతికే ఉన్నాడు.

ఆయన పద్ధతి ఒకటుండేది. రోజూ బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ ఎక్కడో ఒకచోట కావాలని ఒక తప్పు పెట్టేవాడు. ఆ తప్పు పేరు దొంగ. "ఇయ్యాల దొంగ లోపట్నే ఉన్నడు, చూస్కోండ్రి" అని లెక్క మొదలుపెట్టేవాడు. కనిపెట్టిన పిల్లో పిల్లవాడో లేచి, "దొంగ దొరికిండు సార్" అనాలి. అనగానే సారు సుద్దముక్క వాళ్ల చేతిలో పెట్టి, తాను పోయి వాళ్ల జాగాలో బెంచీ మీద కూర్చునేవాడు. మిగిలిన లెక్క వాళ్లు చెప్పాలి, ఆయన వినాలి. అదీ నియమం.

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు బోర్డు మీది తప్పు చూసి మా హెడ్మాస్టరు కిషన్ రావు గారి వైపు గుడ్లురిమాడు. "ఏందిది? గుణకారం సుత రాదా మీ సారుకు?" అన్నాడు. కిషన్ రావు గారికి చెమటలు పట్టాయి. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, దొంగను ఆఫీసర్ సార్ పట్టిండు!" అని అరిచాడు. రాజం సారు ఏమీ తొణకకుండా వెళ్లి ఆఫీసరు చేతిలో సుద్దముక్క పెట్టి, ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆఫీసరు మంచివాడు కాబట్టి పకపకా నవ్వి లెక్క పూర్తిచేసి, పోతూ పోతూ తనూ ఒక దొంగను దాచిపెట్టి పోయాడు.

ఈ విద్య ఎక్కడ నేర్చారని ఒకసారి అడిగాను.

"మా నాయిన దగ్గర" అన్నాడు. "మా నాయిన సాంబయ్య జంపఖానాలు నేసెటోడు. నేను పక్కన కూసుండి నేర్సుకునేటోన్ని. ఆయన కావాల్నని ఒక వరుసల రంగు మార్చి నేసి సప్పుడు జెయ్యకపోతుండె. నేను జల్ది పడితే ఒక్క వరుస విప్పితె ఒడిసె. పట్టకపోతె దాని మీద ఎన్ని వరుసలు ఎక్కినయో అన్ని నాతోనే విప్పిస్తుండె. ఏడ్సుకుంట విప్పుతుంటి. తప్పు నేసుడు ఎవడైన నేస్తడు మేడం. తప్పు మీద నేసుడే నష్టం."

ప్రతి ఏడూ ఉపాధ్యాయ దినోత్సవానికి పిల్లల ప్రసంగాలన్నీ నేనే రాసిచ్చేదాన్ని. ఉత్తమ గురువుకు ఓర్పు ఉండాలి, పాండిత్యం ఉండాలి, వాత్సల్యం ఉండాలి అని ఏటేటా అదే పాట. చిన్న పిల్ల లేచి నిలబడి, పెద్దమనిషి ముఖం మీద "నువ్వు రాసింది తప్పు" అనగలిగే ధైర్యం ఇవ్వాలని ఒక్క ప్రసంగంలోనూ రాయలేదు. నాకు తట్టలేదు. ఆ ధైర్యం ఎట్లా ఇస్తారో నవ్య విషయంలో నా కళ్లతో చూశాను.

నవ్య పదో తరగతి. వాళ్లమ్మ సోమక్క మగ్గం మీద కూర్చుంటేనే ఇల్లు గడిచేది. ఈ పిల్లకు నోట్లో నాలుక లేదు. హాజరు పిలిచినా చెయ్యి ఎత్తేదే తప్ప పలికేది కాదు. నేను అరిచాను, బుజ్జగించాను, పద్యం అప్పజెప్పమని నిలబెట్టాను. కళ్ల నీళ్లే కానీ మాట రాలేదు. రాజం సారు ఆమెను ఒక్కసారి కూడా లేపలేదు. దొంగను మాత్రం నవ్య బెంచీకి ఎదురుగా ఉన్న మూలలో, సులువుగా దొరికేచోట దాచడం మొదలుపెట్టాడు. మిగతా పిల్లలు చేతులెత్తితే, "ఆగుండ్రి, తొందరేంది, దొంగ యాడికి పోతడు" అని కిటికీ బయటికి చూస్తూ నిలబడేవాడు. నవ్య వైపు చూసేవాడు కాదు. చూస్తే బెదురుతుందని ఆయనకు తెలుసు. నాకు తెలియలేదు.

వానాకాలం అంతా అట్లా కిటికీ బయటికి చూశాడు. చివరికి ఒకరోజు నవ్య లేచి, పెదవులు మాత్రమే కదిపి, "దొంగ దొరికిండు సార్" అంది. ఆయన పరుగున వెళ్లి సుద్ద ఇచ్చి, ఆ ఆడపిల్లల పొట్టి బెంచీ చివర మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నవ్య బోర్డు వైపు తిరిగి గోడతో మాట్లాడినట్టు లెక్క చెబుతుంటే, బెంచీ మీంచి, "జర గట్టిగ చెప్పు టీచరమ్మా, నాకు ఇనవడ్తలేదు" అన్నాడు. క్లాసు క్లాసంతా నవ్వింది. నవ్య కూడా నవ్వింది. ఆ తర్వాత దొంగలను పట్టడంలో ఆ పిల్లను మించినవాళ్లు లేరు.

దసరా సెలవుల తర్వాత పిల్లలు మహా హుషారుగా కనిపించారు. "సార్ మస్తు జోరు మీదున్నడు టీచర్, ఇయ్యాల ముగ్గురు దొంగలను దాసిండు" అని నాతో చెప్పారు. నేనూ నవ్వాను. ఆయన స్టాఫ్ రూములో నా కొడుకు పెళ్లి ముచ్చట పొద్దున అడిగి, మధ్యాహ్నం మళ్లీ మొదటిసారి అడిగినట్టే అడిగితే, పెద్దతనం అనుకున్నాను. చెవి మీద సుద్ద పెట్టుకుని సుద్ద కోసం బల్లంతా వెతికితే ఆటపట్టించాను.

తర్వాత ఒకరోజు బడికి రాలేదు. మధ్యాహ్నానికి నెక్కొండ నుంచి ఫోను వచ్చింది. సారు పొద్దున్నే స్టేషనుకు పోయి రైలెక్కి నెక్కొండలో దిగాడట. అక్కడి బడికి నడిచి వెళ్లి, ఒక క్లాసులోకి పోయి లెక్క మొదలుపెట్టాడట. ఆయన మొదటి ఉద్యోగం ఆ బడిలోనే. ఎప్పటి మాట అది! అక్కడి పిల్లలు ఎవరో కొత్త సారు అనుకుని బుద్ధిగా రాసుకున్నారట. భార్య విమలమ్మ వెళ్లి తీసుకొచ్చింది. తర్వాత హన్మకొండలో పెద్ద డాక్టరుకు చూపించారు.

కొన్నాళ్లకు వరండాలో నన్ను ఆపి ఆయనే చెప్పాడు.

"మతిమరుపు జబ్బట మేడం. మందులతోని ఆగదట, జర మెల్లగ నడుస్తదట, గంతే." గొంతు మామూలుగానే ఉంది. "నేను దాసేది ఒక్క దొంగనే. పోరగాండ్లు ఇద్దర్ని, ముగ్గుర్ని పడుతాండ్రు. అండ్ల నేను దాసినోడెవడో నాకే ఎర్క లేదు."

"సెలవు పెట్టరాదు సార్?" అన్నాను.

"పెడితె లెక్కలు ఎవరు చెప్తరు? హెడ్మాస్టర్ సార్‌కు అంత చెప్పిన. ఇంకో సార్‌ను అడిగిండట, ఇప్పట్ల వచ్చెటట్టు లేడు. పరీక్షల దాక ఆగితె సాలు. ఈ పిల్లలు ఒడ్డుకు పడుతరు." చెవి మీది సుద్దముక్క తీసి చేతిలో తిప్పుతూ అన్నాడు, "ఒక్క షర్తు పెట్టుకున్న మేడం. పిల్లలు పడుతాన్నన్ని దినాలు నాతోని నష్టం లేదు. తప్పు బోర్డు మీద మిగిలిపోయిన దినం సుద్ద కింద పెడ్త. పిల్లల నెత్తిలకు తప్పు ఎక్కించే పాపం నాకొద్దు."

అప్పటినుంచి ఆయన క్లాసు అయిపోగానే నేను పరుగున పోయేదాన్ని. ఆ క్లాసు తర్వాతి పీరియడ్ నాదే. పోగానే బోర్డు చూసేదాన్ని. నా కంటికి ఆనినంత వరకు తప్పులన్నీ కొట్టివేసి ఉండేవి, పక్కన పిల్లల చేతిరాతలో ఒప్పులు ఉండేవి. హమ్మయ్య అనుకుని తుడిచేదాన్ని.

విమలమ్మ ఆయనను పొద్దున బడిలో దింపి, సాయంత్రం గేటు దగ్గర నిలబడి తీసుకుపోవడం మొదలుపెట్టింది. వాళ్ల గల్లీ, సోమక్క గల్లీ ఒకటే. ఆడవాళ్లు నీళ్ల దగ్గర ఒకరితో ఒకరు చెప్పుకోకుండా ఉంటారా? అట్లా సంగతి నవ్యకు తెలిసింది. నవ్య నుంచి క్లాసుకు తెలిసింది.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం రాజం సారు జిలేబీ పొట్లం తెచ్చి స్టాఫ్ రూము బల్ల మీద పెట్టాడు. నా కళ్లను నేను నమ్మలేకపోయాను. "ఏంది సార్, సూర్యుడు పడమట పొడిచిండా?" అన్నాను.

"మందు పట్టింది మేడం!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "మొన్నటిసంది దినాం ఒక్క దొంగే దొరుకుతాండు. ఒక్కడంటె ఒక్కడే. నేను దాసినోడే! విమలకు చెప్తె దేవునికి దండం పెట్టుకుంట ఏడ్సింది." తన ఫ్లాస్కు మూత తీసి మా అందరికీ చాయ్ పోశాడు. ఆ చాయ్ తాగుతుంటే నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం ఒక్క రాత్రికి మించి నిలవలేదు. మర్నాడు ఆయన తర్వాత క్లాసుకు పోయాను. బోర్డు మీద త్రిభుజం గీసి ఉంది. ఒకచోట తప్పు కొట్టివేసి పక్కన నవ్య రాతలో ఒప్పు ఉంది. ఆ రోజు దొంగ దొరికాడన్నమాట. తుడవబోతూ కిందికి చూశాను. మూడు కోణాలు కలిపితే నూటతొంభై అని రాసి ఉంది. లెక్కలంటే ఆమడ దూరం పారిపోయే నాకే తెలుసు, అది నూటఎనభై అని.

"ఇది ఎవరూ చూడలేదా?" అన్నాను.

తలలన్నీ కిందికి వాలాయి. చివరికి నవ్య లేచింది.

"చూసినం టీచర్. దినాం ఒక్కన్నే పడుదమని అందరం అనుకున్నం. ఎక్కువమంది దొరికితే సార్ పరేషాన్ అయితాండు. బోర్డు దిక్కు సూసుకుంట అట్లనే నిలవడుతాండు. ఒక్కడే దొరికిననాడు నవ్వుకుంట పోతాండు. మేం పుస్తకాలల్ల కరెక్టే రాసుకుంటాన్నం టీచర్. మాకేం నష్టం లేదు."

కోపమూ ఏడుపూ నాకు ఎప్పుడూ జంటగానే వస్తాయి. ఏది ముందు చూపించాలో తెలియక బెంచీల మధ్య నడిచాను. ఒక్కొక్కరి పుస్తకం చూస్తూ పోయాను. నిజమే, అందరివీ ఒప్పులే. కిటికీ పక్కన కూర్చున్న మానస దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల తొర్రూరు నుంచి మధ్యలో వచ్చి చేరింది. వీళ్ల ఒప్పందం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో నూటతొంభై అని ఉంది.

"ఇదేంది మానసా?"

"సార్ రాసిండు గద టీచర్" అంది ఆ పిల్ల భయంగా.

నవ్య ఆ పుస్తకం వైపు చూసింది. దాని ముఖం తెల్లబోయింది. నేను వాళ్లను తిట్టలేదు. తిట్టడానికి వాళ్లు చేసిందేమిటి, ప్రేమించారు. సారు వాళ్ల నాయన సంగతి, జంపఖానా సంగతి, తప్పు మీద నేసుడే నష్టమన్న మాట చెప్పాను. ఆయన పెట్టుకున్న షరతు కూడా చెప్పాను. "నేను పోయి సార్‌కు చెప్పలేను. దొంగను పట్టినవాళ్లే చెప్పాలన్నది మీ సార్ పెట్టిన నియమం" అన్నాను. ఆ రోజు పాఠం చెప్పలేదు. బాత్రూములోకి పోయి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మర్నాడు లెక్కల పీరియడుకు నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. సారు హుషారుగా ఉన్నాడు. లెక్క చేస్తూ, "ఇయ్యాల దొంగ బలే తెలివిగల్లోడు" అన్నాడు. నవ్య లేచింది.

"దొంగ దొరికిండు సార్."

"శభాష్!" అని సుద్ద ఇచ్చాడు. నవ్య వెళ్లి ఒక అంకె దిద్దింది. సారు వెళ్లి ఆమె జాగాలో కూర్చోబోయాడు.

"ఇంకొకడున్నడు సార్" అంది నవ్య.

ఆయన అట్లాగే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి బోర్డు వైపు చూశాడు. పై నుంచి కిందికి, మళ్లీ పై నుంచి కిందికి చూశాడు. దగ్గరికి పోయి వేలుతో ఒక్కొక్క వరుసా తడిమాడు.

"ఎక్కడ బిడ్డా?"

నవ్య చూపించింది. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చేయని తప్పు. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"నిన్న సుత ఉండెనా?"

"ఉండె సార్."

"మొన్న?"

నవ్య ఔనన్నట్టు తల ఊపింది. సారు క్లాసంతా చూశాడు. ఒక్క తలా పైకి లేవలేదు. ఆయన తిడతాడేమోనని నాకు భయం వేసింది. తిట్టినా బాగుండేది.

"నా కోసం దాసిండ్రు" అన్నాడు మెల్లగా. "మంచిగ దాసిండ్రు. నాకంటె మంచిగ దాసిండ్రు."

తర్వాత నవ్య జాగాకు వెళ్లి, ఆ పొట్టి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. "మిగిలిన లెక్క చెప్పు" అన్నాడు. నవ్య ఏడుస్తూనే చెప్పింది. మాట వినబడకుండా పోయినప్పుడు, బెంచీ మీంచి, "జర గట్టిగ చెప్పు టీచరమ్మా" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్య గొంతు పెంచి, లెక్క చివరిదాకా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు.

గంట కొట్టాక బయటికి వచ్చి నన్ను చూశాడు. చెవి మీది సుద్దముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. "మీ డబ్బాలదే మేడం" అన్నాడు. హెడ్మాస్టరు గదిలోకి పోయి, ఆ సాయంత్రం విమలమ్మ వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ బడికి రాలేదు. వీడ్కోలు సభ పెడతామంటే వద్దన్నాడు.

పరీక్షల దాకా కొత్త లెక్కల సారు రాలేదు. నవ్యే బోర్డు దగ్గర నిలబడింది, మిగతావాళ్లు దొంగలను పట్టారు. మానస కూడా పట్టింది. పిల్లలు గట్టెక్కారు. ఆ ముక్క చెబుదామని ఆయన ఇంటికి పోతే, ఆయన నాకు మర్యాదగా నమస్కారం పెట్టి, "ఎవరి తల్లి మీరు? మీ పిల్లగాడు ఏ క్లాసు?" అని అడిగాడు. నేను ఏదో క్లాసు చెప్పి బయటపడ్డాను. గల్లీ చివర దాకా కళ్లు కనబడలేదు నాకు.

నవ్య ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆదివారం ఆదివారం సారు ఇంటికి పోతుంది. మొన్న నేను పోయినప్పుడు ఆమె కింద జంపఖానా మీద కూర్చుని, పలక మీద చిన్న కూడిక వేసి ఆయన ముందు పెట్టింది. ఆయన కుర్చీలో ఉన్నాడు. ఎవరో తెలియని పిల్లను చూసినట్టే చూశాడు.

"దొంగ ఉన్నడు సార్, పట్టుండ్రి" అంది.

ఆయన పలక మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. పై నుంచి కిందికి, మళ్లీ పై నుంచి కిందికి. "అన్ని మంచిగనే ఉన్నయ్ బిడ్డా" అన్నాడు, ఎంతో తృప్తిగా.

వెనక నిలబడ్డ విమలమ్మ నవ్యకు సైగ చేసింది. ఔనను, పోనీ, ముసలాయన సంతోషపడతాడు అని ఆ సైగకు అర్థం. నేనైతే అనేదాన్నే. నవ్య అనలేదు.

"లేదు సార్" అంది, పెద్ద గొంతుతో. "దొంగ దొరికిండు సార్. ఇగో, ఈడున్నడు."

ఆయన వంగి చూశాడు. చూసిందేమిటో అర్థమైందో లేదో తెలియదు కానీ, ముఖం మాత్రం పాత రోజుల్లోలా వెలిగింది. కుర్చీ పట్టుకుని లేచాడు. విమలమ్మ పట్టుకోబోతే వదిలించుకుని, జంపఖానా మీద నవ్య కూర్చున్న జాగాలోకి వచ్చి నిలబడ్డాడు. చెవి మీదికి చెయ్యి పోనిచ్చి, అక్కడ లేని సుద్దముక్కను రెండు వేళ్ల మధ్య తీసి, ఆమె వైపు చాచాడు.

నవ్య లేచి రెండు చేతులతో అందుకుంది.